అమ్మమ్మ వీపు

తన బొమ్మ చెక్కుతానంటే అమ్మమ్మ ఒకే ఒక్క షరతు పెట్టింది. ముఖం కనిపించకూడదు. బర్మా నుంచి వెళ్లగొడితే, ఇరవయ్యేళ్ల వయసులో ఓడ దిగి సొంత ఊరు చేరిన మనిషి ఆమె. ఇక్కడివాళ్లూ ఎందుకొచ్చావన్నట్టే చూశారట. బర్మాది అన్న పేరు పోవడానికి సగం జీవితం పట్టింది. మళ్లీ దాన్ని గోడకెక్కించకు అంది.

సరేనన్నాను. నెత్తిన మూట, చంకలో పసిబిడ్డగా మా అమ్మ, నడిచిపోతున్న అమ్మమ్మను వెనక నుంచి చూస్తున్నట్టుగా చెక్క మీద చెక్కాను. సిరా పూసి, కాగితం పరిచి, గరిటె వెనకవైపుతో రుద్ది మొదటి అచ్చు తీశాను. ఇంత పొడుగు జడ తనదేనా అని అమ్మమ్మ తెగ మురిసిపోయింది. మా ఇంట్లో చెదల బాధ. అందుకని చెక్కను గజపతినగరంలో ఫ్లెక్సీల దుకాణం పెట్టిన స్నేహితుడికి దాచమని ఇచ్చాను. బొమ్మల చదువు చదివేటప్పుడు నాతో ఒకే ఉలి పంచుకున్నవాడు. వాడికి కాక ఇంకెవడికిస్తాను?

వాట్సాప్ కొత్తగా చేతికొచ్చిన రోజులవి. ఇటుక బట్టీల్లోకి ఒడిశా కూలీలను తెచ్చి మనవాళ్ల కూలి తగ్గించారని గొడవ మొదలైంది. తగ్గించినవాడి గుమ్మం తొక్కే దమ్ము ఒక్కడికీ లేదు. అరుపులన్నీ ఆ కూలీల మీదే. ఓ ఉదయం బస్టాండు గోడ నిండా పోస్టర్లు. వెళ్లిపోండి అని ఎర్రక్షరాలు, వాటి కింద మా అమ్మమ్మ వీపు.

నేరుగా దుకాణానికి వెళ్లి నిలదీశాను. వాడు కంప్యూటర్ మీంచి తల కూడా ఎత్తలేదు.

"ఎళ్లిపోతన్న బొమ్మే కదా బావా. సరిగ్గా సరిపోనాది."

"అది మా అమ్మమ్మరా."

"మొకం లేదు కదా. ఎవులికి తెలుస్తాది?"

వాడికి తెలుసు. అమ్మమ్మ చేతి చేపల పులుసు ఎన్నిసార్లు తిన్నాడో లెక్కలేదు, వాడి కడుపు మాడ. చెక్క లాక్కుని బస్సెక్కాను.

అమ్మమ్మకు చెప్పకూడదనుకున్నాను. అప్పటికే పక్కింటివాళ్లు ఫోన్లో చూపించేశారు. నా చేతిలోంచి చెక్క తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. చెక్కిన జడను వేలితో నిమిరింది.

"తప్పు నాదేరా," అంది. "మొకం ఒద్దన్నది నానే కదా. మొకం ఉంటే, ఆడు నన్ను సూసైనా ఆగీవోడు."

నాకు ఏడుపాగలేదు. ఆగేవాడు కాదని ఆవిడకు ఎలా చెప్పను?