కట్టు విప్పుతుంటే

మార్కాపురం ఆసుపత్రిలో ఈ రోజు మరియమ్మక్క కాలిన చేతికి కట్టు మార్చాను. నొప్పి తగ్గించే సూదితో పాటు పాట కూడా వినిపిస్తే రోగికి ఇంకాస్త హాయిగా ఉంటుందా అన్నది నర్సింగ్ చదువులో నా పరిశోధన. ఆమె అడిగిన పాటే ఫోన్‌లో పెట్టాను. వెంటనే ఆమె భర్త మీదికొచ్చాడు.

"మనిషి అల్లాడతా ఉంటే పాటలేంది? మందెయ్యకుండా ఆటలాడతన్నారా?"

"సూది ముందే వేసినాం, అన్నా."

ఆయన వినలేదు, అరుస్తూనే ఉన్నాడు. గాయానికి అంటుకున్న గుడ్డను తడిపి తీశాను. మరియమ్మక్క కదల్లేదు.

"నొప్పి ఎట్లుందక్కా?"

"నాకోసం ఈయన ఇట్ల కొట్లాడేది ఎప్పుడూ చూళ్ళేదు తల్లీ. వింటా వింటా నొప్పి మర్చిపోయినా."

ఆయన గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

నా పరిశోధన ఫారంలో దీనికి గడి లేదు. మీరైతే ఏం రాస్తారు?