మోహన్‌ని భయపెట్టిన మందు

పెనాంగ్ దగ్గరి సుంగై పెటానిలో మోటారుసైకిళ్లు బాగుచేసే మోహన్‌కి దడా పేరెత్తితే ఒళ్లు మండుతుంది. మత్తుమందుని అక్కడ అలాగే అంటారు. తమ్ముణ్ణి మింగేసింది అదే మరి. అలాంటివాడి ముందు పెనాంగ్ ఆసుపత్రి డాక్టర్ కోగిలవాణి ‘కెటమిన్’ అంది. మోహన్ కుర్చీలోంచి లేచిపోయాడు. ఆ పేరు అతను విన్నది పోలీసుల నోటే.

“నా పెళ్లానికి దడా ఎక్కిస్తారా డాక్టర్? ఏటి ఇది!”

ఆవిడ నిమ్మళంగా తమిళంలో నచ్చజెప్పింది. ఆపరేషన్లలో మత్తుకిచ్చే మందే ఇది, చాలా తక్కువ ఇస్తాం. మాత్రలకి లొంగని దిగులు దీనితో కొందరికి తగ్గుతోంది. ఆ కాసేపూ మనసు ఎటో తేలిపోతుంది, కంగారు పడొద్దు. ఇదంతా మోహన్ చెవికెక్కితేగా!

అప్పుడు పక్కనే కూర్చున్న పెళ్లాం నాగవల్లి నోరు విప్పింది. ఒకప్పుడు ఆమె నోటికి గ్లౌజుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్లు కూడా జడిసేవారు. రెండేళ్లుగా పని మానేసి, గోడవైపు తిరిగి పడుకుంటోంది.

“బావా, ఇలాగ బతకలేను. ఒప్పుకో.”

ఆ మాటకి కాదనడానికి నోరెలా వస్తుంది? ఒప్పుకున్నాడు.

మందు ఎక్కిస్తున్నప్పుడు మంచం పక్కనే కూర్చున్నాడు. కాసేపటికి నాగవల్లి తల అటూ ఇటూ ఊపసాగింది. మూసిన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. పెళ్లికి ముందు, రబ్బరు ఎస్టేటులో అమ్మోరి పండగకి ఆమెకి పూనకం వచ్చేది. అచ్చం ఇలాగే! డాక్టర్ మాటలన్నీ గాలికి పోయాయి. అమ్మోరు ఒంటి మీదికొస్తే ఏం చెయ్యాలో మోహన్‌కి ఒకరు నేర్పాలా? చెప్పులు విడిచాడు. నర్సు వారించేలోపే కాగితం కప్పుతో నీళ్లు తెచ్చి ఆమె పాదాల మీద పోసేశాడు. చేతులు జోడించాడు.

“ఎవులమ్మా నువ్వు? నీకేటి కావాల? నా మనిషిని ఒగ్గీ తల్లీ!”

నర్సు నవ్వాపుకోలేక ఊరుకోమని సైగ చేసింది. అతను ఊరుకోలేదు, అడుగుతూనే ఉన్నాడు.

మందు దిగాక నాగవల్లి మెల్లగా కళ్లు తెరిచింది. తడికాళ్లు చూసుకుంది. మొగుడి జోడించిన చేతులు చూసింది.

“నానే బావా, నాగవల్లిని. ఎవులనుకున్నావు? దుప్పటంతా తడిపినావు, బుద్దుందా నీకు?”

ఇంకా కొన్నిసార్లు రావాలనీ, ఇది మొదలేననీ డాక్టర్ ముందే చెప్పింది. వద్దాం, దానికేం! రెండేళ్ల తర్వాత పెళ్లాం తనని తిట్టింది. మోహన్ పక్కన నర్సు ఉందని కూడా చూడకుండా భోరుమన్నాడు.