తడి గోనె

ఆదోని బస్టాండులో తాగునీళ్ల కుండకు చుట్టిన తడి గోనె వాసన తగలగానే మా నాయన ఎద్దులు గుర్తొచ్చాయి.

ఎనభైల మొదట్లో, ఎమ్మిగనూరు జాతరలో బండలాగుడు పోటీకి ముందు నాయన వాటిని నీడన కట్టేసి, వీపుల మీద తడి గోనెలు కప్పేవాడు. ఎందుకని అడిగితే, "సత్తువ పోకుండా పాపా" అనేవాడు. సత్తువంతా గోనెలోనే ఉంటుందనుకున్నాను. నీడ సంగతి నా బుర్రకెక్కలేదు.

ఆ రోజుల్లోనే ఒక ఏడు మా బడి ఆటల పోటీల్లో మగపిల్లలకూ ఆడపిల్లలకూ మధ్య తాడులాగుడు పెట్టారు. మగపిల్లలు వేపచెట్టు కింద కూర్చున్నారు. పోటీలు చూడ్డానికి వచ్చే పెద్దమనిషికి స్వాగతం పాడాలని మమ్మల్ని మాత్రం ఎండలో నిలబెట్టారు. పొద్దు నడినెత్తికెక్కినా ఆయన రాలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెను తొట్టిలో ముంచి భుజాల మీద కప్పుకున్నాను.

"తీసెయ్ మే దాన్ని. ఆయప్ప సూస్తే ఏమనుకుంటాడు" అన్నాడు డ్రిల్లు సారు.

"తియ్యను సార్. మా నాయన ఎద్దుల్ని గూడా ఇట్ల ఎండలో నిలబెట్టడు."

బెత్తం పడింది. గోనె మాత్రం తియ్యలేదు.

తాడు పట్టుకునేసరికి మా పిల్లలందరికీ కాళ్లు వణుకుతున్నాయి. ఓడిపోయాం. "ఆడపిల్లలకు బలం యాడ్నించి వస్తాది" అని సారు నవ్వాడు.

బలం గోనెలో లేదని, నీడలో ఉందని పెద్దయ్యాక తెలిసింది. ఇప్పుడు ఎవరైనా ఆడవాళ్లకు బలం తక్కువంటే నేను వాదించను. పోటీకి ముందు వాళ్లనెంతసేపు ఎండలో నిలబెట్టారని అడుగుతాను.