గురునాథరావు బావ చెప్పిన ముగింపులు

మా గురునాథరావు బావకి ఒకటే జబ్బు. మోసగాళ్ల సినిమా చూసొచ్చాడంటే, దాని ముగింపు పదిమందికీ చెప్పెయ్యకపోతే అన్నం సయించదు. చెప్పడమైతే చెబుతాడుగానీ, ఒక్కటీ సరిగ్గా చెప్పడు.

కూర్మన్నపాలెం పక్కన ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. బావ అక్కడ క్రేన్ నడిపేవాడు. మా అక్క గౌరీశ్వరి మొగుడు కాబట్టి ఆయన్ని ఆటపట్టించే హక్కు నాకు పూర్తిగా ఉండేది. మారువేషాల సినిమా ఏదొచ్చినా వైజాగ్ వెళ్లి ముందే చూసేసేవాడు. కొన్నాళ్లకి అదే సినిమా మా టూరింగ్ టాకీసుకొస్తే, టికెట్ల లైన్లో నిలబడి మొదలెట్టేవాడు.

"అంతా ఆ జమీందారు పన్నాగమే. పెళ్లాం కూడా ఆడి ముఠాయే."

లైనంతా తిట్టిపోసేది. తీరా లోపలికెళ్లి చూస్తే జమీందారు ఇంటర్వెల్‌కే చచ్చేవాడు, పెళ్లాం సీఐడీ అని తేలేది.

"ఏటి బావా, ఇంటర్వెల్ తరవాత నిద్దరోతావేటి?" అని అడిగితే, "అలగ మార్చీసినారేటి?" అని అమాయకంగా ఆశ్చర్యపోయేవాడు. మా అక్కయితే, "ఆ బుర్రలో ఇసకే పోసినార్రా, సిమెంటు కలపడం మర్సిపోనారు" అనేది.

అసలు ఆ సినిమాలంటే అంత పిచ్చేమిటని ఓసారి నిలదీశాను.

"బయటెవుడైనా మోసం సేస్తే కడుపు మండిపోద్ది. టాకీసులో మోసం సేస్తే ఈలేత్తాం. అంత సుఖంగా మోసపోడానికి ఇంకో సోటుందేటి బామ్మర్దీ?" అన్నాడు.

అలాంటి టాకీసుకే చిక్కొచ్చి పడింది. దొంగ జ్యోతిష్కుల ముఠా సినిమా ఒకటొచ్చింది. అప్పటికే టౌన్లో చూసేసిన బస్సు కండక్టరు పోలిరాజు, ఎక్కిన ప్రతివాడికీ టికెట్‌తో పాటు "గుడ్డోడిగా ఏసినోడే అసలు దొంగ" అని చెప్పేశాడు. గుట్టు తెలిసిపోయాక ఎవడొస్తాడు? డేరా బోసిపోయింది.

ఓనరు భీమశంకరరావు గారు గోదావరి మనిషి. గేటు దగ్గర గారెలు వేసే అసిరమ్మ దగ్గరికొచ్చి, "ఏం చెయ్యమంటావమ్మా, ఈ వారం జనం రాకపోతే డేరా పీకెయ్యడమే. సిమెంటు గోడౌనుకి ఈ స్థలం ఇమ్మని కంట్రాక్టరు కామరాజు గారు తిరుగుతున్నారు" అన్నారు. ఆ మూకుడు తప్ప అసిరమ్మకి మరో ఆధారం లేదు. ఆవిడ పొయ్యి మంట తగ్గించింది.

అక్కడే గారె తింటున్న బావ ఇదంతా విన్నాడు. మర్నాటినుంచి విజృంభించాడు. ఫ్యాక్టరీలో, "గుడ్డోడా? ఆడు నిజంగానే గుడ్డోడు. జడ్జే అసలు దొంగ" అన్నాడు. టీ కొట్లో డాక్టరన్నాడు. పద్మనాభం ఊళ్లోంచి పనికి వచ్చేవాళ్లకి గుడ్డివాడి తమ్ముడన్నాడు. ఆఖరికి పోలిరాజు బస్సే ఎక్కి, "నువ్వు సూసినది పాత ప్రింటు. కొత్తదాన్లో సివర మార్చీసినారు" అన్నాడు. పాపం పోలిరాజుకి తను చూసిన సినిమా మీదే అనుమానం పట్టుకుంది.

ఊళ్లో జడ్జి పార్టీ, డాక్టరు పార్టీ, తమ్ముడి పార్టీ తయారయ్యాయి. భోజనాల దగ్గర కొట్టుకునేదాకా వచ్చింది. చూసి తేల్చుకుందామని అందరూ డేరాకి వచ్చిపడ్డారు. స్థలం కొలుచుకోడానికొచ్చిన కామరాజు గారు కూడా, "ఇంతకీ జడ్జా, డాక్టరా?" అని టికెట్ కొన్నారు. కుర్చీలు నిండిపోయి నేలమీద చతికిలబడ్డారు.

చివర్లో గుడ్డివాడు నల్లకళ్లద్దాలు తీసి కన్నుకొట్టాడు. డేరా ఎగిరిపోయిందనుకోండి. పోలిరాజు మొదట చెప్పిందే అది. అయినా ఒక్కడూ నమ్మకపోవడంతో అందరం అదిరిపడ్డాం. అందరికంటే గట్టిగా ఈల వేసినవారు కామరాజు గారు. గోడౌను మాట మళ్లీ ఎత్తలేదు సరికదా, మర్నాడు భార్యని కూడా తీసుకొచ్చారు.

ఆట వదలగానే బావని దులిపేద్దామని వెతుక్కుంటూ వెళ్లాను. గారెల పొయ్యి పక్కన పీట వేసుక్కూర్చున్నాడు.

"బాబూ, అంతలేసి ఈలలెందుకేసినారు?" అని అసిరమ్మ అడుగుతోంది.

బావ కథంతా చెప్పాడు. గుడ్డివాడి కర్రలో దాచిన ఉంగరం దగ్గర్నుంచి కన్నుకొట్టడం దాకా, ఒక్క ముక్క తప్పు పోలేదు.

"ఆట నడిసినంతసేపూ నాను మూకుడు కాడే కదా బాబూ. ఇన్నేళ్లూ నువ్వు సెప్తే నాను సూసినట్టే" అంది అసిరమ్మ.

నేను పొయ్యి దగ్గరికెళ్లాను. "మరి మాకెందుకు బావా అన్నీ తప్పుడువి సెప్పినావు?"

"సరిగ్గా సెప్తే మీరు మోసపోరు కదా. డబ్బులెట్టి వొచ్చి మోసపోకుండా ఇంటికెల్తే అన్నేయం కాదేటి?" అన్నాడు, గారె తుంచుకుంటూ. ఇన్నాళ్లూ ఆయన్ని వెర్రిబాగులవాణ్ణి చేసి నవ్వినందుకు సిగ్గూ వేసింది, ముద్దూ వచ్చింది.

తరవాత వారం కొత్త సినిమా. లైన్లో బావ, "ఈరోయే దొంగ" అని అందుకున్నాడు. వెనకున్న ఆనందపురం రైతు నన్ను గోకి, "నిజమేనా బాబూ?" అన్నాడు.

నేనింకా ఆ సినిమా చూడనే లేదు. "ఈరో కాదండి, ఈరో తల్లి" అన్నాను.

బావ వెనక్కి తిరిగి, తన పాఠం ఒంటబట్టిన శిష్యుణ్ణి చూసినట్టు చూశాడు. అసలు ముగింపు బావ ముందే చెప్పేసిన అసిరమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గారెలు తిరగేసింది.