కైకలూరు బార్బెక్యూకి కళాయి

ఏలూరు తంగెళ్ళమూడిలో మా ఇంటికి ఎదురుగా బాషా గారి కొలిమి ఉండేది. కొలిమి అంటే పెద్ద ఏర్పాటేమీ కాదు. అరుగు ముందు నేలలో ఒక గుంట, గుంటలోకి ఒక గొట్టం, గొట్టానికి తోలు తిత్తి, తిత్తి పక్కన బాషా గారు. ఇత్తడి, రాగి గిన్నెలకు లోపల తగరం పూత పూయడం ఆయన పని. ఆ పూతనే కళాయి అంటారు. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు పెడితే కిలుమెక్కి, తిన్నవాళ్ళు వాంతులు చేసుకుంటారు. ఆ భయం ఉన్నన్నాళ్ళు ఊరికి బాషా గారి అవసరం ఉండేది. తర్వాత ఊరంతా స్టీలు గిన్నెలు కొనుక్కుంది.

ఆ స్టీలు గిన్నెలు అమ్మినవాడు బాషా గారి బావమరిదే. ఫారూఖ్‌కి మెయిన్ బజార్లో సామాన్ల కొట్టు ఉంది. మనిషి మంచివాడు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే బాషా గారు హాయిగా తిట్టుకునేవారు. 2007లో ఆ మంచివాడు అక్క ఇంటికి వచ్చి, బావగారికి తన కొట్లో ఫ్యాను కింద కుర్చీ వేస్తానన్నాడు. కొత్త గిన్నెల మీద మిషనుతో పేర్లు చెక్కడం తప్ప వేరే పనేమీ ఉండదన్నాడు.

బాషా గారి భార్య బద్రున్నీసా గారికి ఈ ఏర్పాటు నచ్చింది. కళాయి అంటుకోవడానికి చల్లే నవాసారం పొగ పీల్చి పీల్చి ఆయనకు దగ్గు పట్టుకుంది. పైగా తిత్తి ఊదడానికి గిన్నె అంటూ ఒకటి రావాలి కదా. ఆవిడ పోట్లాడలేదు. రంజాన్ పండగ దాకా చూద్దామని, అప్పటికీ పని లేకపోతే తిత్తిని అటక మీద పెట్టి కొట్లో కూర్చోవాలని మెత్తగా చెప్పారు. బాషా గారు సరేనన్నారు. అన్నాక రెండు పూటలు సరిగా అన్నం తినలేదు. తాతలనాటి పని చేసిన చేత్తో స్టీలు గిన్నెల మీద పెళ్ళికూతుళ్ళ పేర్లు చెక్కాలంటే ఆయనకు ప్రాణం పోతున్నట్టుగా ఉండేది.

ఉపవాసాలు మొదలైన తర్వాత కైకలూరు నుంచి ఏసుకుమార్ వచ్చాడు. ఇతను పాండురంగారావు గారనే చేపల చెరువుల ఆసామికి డ్రైవరు, మేనేజరు, ఇంకా ఎవరికీ చెప్పుకోలేని పనులన్నిటికీ బాధ్యుడు. పాండురంగారావు గారు ఆ మధ్య హైదరాబాదు వెళ్ళి, చక్రాలూ మూతా ఉన్న బార్బెక్యూ ఒకటి కొనుక్కొచ్చి చెరువు గట్టు మీద పెట్టించారు. బొగ్గులు పోసి, పైన ఊచల చట్రాలు పెట్టి, వాటి మీద చేపలు కాల్చుకునే సామాను అది. మొదటి విందు బ్రహ్మాండంగా జరిగింది. విందయ్యాక దాన్ని శుభ్రం చేయమన్నారు. ఏసుకుమార్‌కి తెలిసిన శుభ్రం ఒక్కటే. చెరువు మోటారు పైపు పట్టి, కారు కడిగినట్టు కడిగేశాడు. తడి తుడవకుండా, మేత బస్తాల మీద కప్పే పరదా కప్పేశాడు. వానలు తగ్గాక పరదా తీస్తే చట్రాలు రెండూ ఇటుకల రంగులో ఉన్నాయి.

బొగ్గులు పోసే తొట్టె బరువని అక్కడే వదిలేసి, చట్రాలు రెండూ గోనెసంచిలో చుట్టి బస్సులో తెచ్చాడు ఏసుకుమార్.

“ఏవండీ బాషా గారూ, ఇవి మెరిసిపోవాలండి. ఆదివారం సార్ గారికి పెద్ద పార్టీ ఉందండి,” అన్నాడు.

“మెరుస్తాయి బాబూ,” అన్నారు బాషా గారు.

వీటిని దేనికి వాడతారని ఆయన అడగలేదు. అడగడం ఆయన అలవాటు కాదు. తెచ్చినవాళ్ళను ప్రశ్నలడిగితే పని రానివాడనుకుంటారని ఆయన నమ్మకం. స్వీటు షాపులో జాంగ్రీల పాకం కారడానికి పెట్టే చట్రాల్లాంటివి అనుకున్నారు. ఏసుకుమార్ కూడా చెప్పలేదు. తుప్పు ఎలా పట్టిందన్న చోటికి సంభాషణ రాకూడదని అతని జాగ్రత్త.

ఆ పని మా వీధంతా చూసింది. బాషా గారు చట్రాలను ఇసకతోనూ ఆసిడ్‌తోనూ తోమి, తుప్పు ఆనవాలు లేకుండా చేశారు. నిప్పుల మీద కాల్చి, నవాసారం చల్లి, తగరం కడ్డీ రాసి, దూదితో ఒక్కో ఊచనూ చుట్టూ తుడుచుకుంటూ వెళ్ళారు. తెల్లటి పొగ లేచింది. చాన్నాళ్ళకు ఆ పొగ చూసి మేమంతా దగ్గుతూనే సంతోషించాం. ఎండలో నిలబెడితే ఊచలు కళ్ళు చెదిరేలా ఉన్నాయి. బద్రున్నీసా గారు గుమ్మంలోంచి చూసి లోపలికి వెళ్ళిపోయారు. పని వచ్చింది కాబట్టి పండగ ఒప్పందం సంగతి ఎత్తడానికి ఆవిడకు వీల్లేకపోయింది.

ఆదివారం విందులో నేను లేను. ఏసుకుమార్ చెప్పిందే చెబుతున్నాను. వ్యాపారులు, ఐసు ఫ్యాక్టరీల వాళ్ళు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. చట్రాలు చూసి అందరూ మెచ్చుకున్నారు. వెండివా అని ఒకాయన అడిగారు. పాండురంగారావు గారు కాదనలేదు. బొగ్గులు బాగా రాజుకున్నాక, కారం, నిమ్మరసం పట్టించిన పండుగొప్ప చేప ముక్కలు పేర్చారు. ఎంతో సేపు పట్టలేదు. కళాయి కరిగి బొట్లుబొట్లుగా బొగ్గుల మీద పడి చిటపటలాడింది. కొంత ముక్కలకే అంటుకుంది. ఒకాయన కొరికి, నోట్లోంచి తెల్లటి పూస ఒకటి తీసి, ముత్యమేమోనని లైటు కింద పెట్టి చూశారు. చేపలో ముత్యం ఉండదని అక్కడున్న అందరికీ తెలుసు, పుట్టింది మొదలు చేపలతోనే బతుకుతున్నారు. అయినా ఆ పూస ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి తిరిగింది. ఆఖరికి చేపలన్నీ పారబోసి, వంటావిడ రామలక్ష్మి అప్పటికప్పుడు చేసిన టమాటా పప్పుతో భోజనాలు కానిచ్చారు.

మర్నాడు ఏసుకుమార్ మళ్ళీ వచ్చాడు.

“సార్ మిమ్మల్ని ఏమీ అనలేదండి. నన్నే అన్నారు. ఆ చట్రాలు చెరువులో పారెయ్యమన్నారండి.”

“పారేశావా?”

“ఇంకా లేదండి.”

బాషా గారికి విషయమంతా అప్పుడు అర్థమైంది. కళాయి గిన్నెను ఖాళీగా పొయ్యి మీద పెట్టొద్దని ఊళ్ళో ప్రతి ఇల్లాలికీ చెప్పిన మనిషి ఆయన. అలాంటిది తిన్నగా నిప్పు మీద పెట్టే సామానుకే కళాయి వేశారు. ఆయన లేచి తిత్తి విప్పి సంచిలో పెట్టుకున్నారు.

“పిలవకుండా వెళ్తే తిడతారండీ,” అన్నారు బద్రున్నీసా గారు.

“తిట్టనీ. వెళ్ళకపోతే ఎలా?”

వాళ్ళ కుటుంబంలో ఒక నియమం ఉంది. వేసిన కళాయి చెడితే, వేసినవాడు ఆ ఇంటికి తనే వెళ్ళి సరిచేయాలి. చేసేదాకా ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. అది ఉపవాసాల నెల కావడంతో ఆయన ఈ నియమం పాటిస్తున్న సంగతి కైకలూరులో ఎవరూ గమనించలేదు.

చెరువు గట్టు మీద గుంట తీసి తిత్తి బిగించారు. కళాయి ఊడగొట్టడం సులువే. వేడి చేసి గుడ్డతో తుడిచేస్తే పోతుంది. కానీ ఆ పని ఆయన ఎప్పుడూ చేయలేదు. తన పూతను తనే కరిగించి తుడిచేస్తుంటే కళ్ళు మండాయి. పొగ వల్లేనని ఏసుకుమార్ అనుకున్నాడు, నేనైతే అనుకోను. అంతా పోయి ఇనుము బయటపడ్డాక ఇంకేం చేయాలో ఆయనకు తోచలేదు. పక్కనే ఉన్న రామలక్ష్మిని, జీవితంలో మొదటిసారి అడిగారు.

“అమ్మా, ఇప్పుడు దీన్నేం చెయ్యాలంటారు?”

“ఇది కూడా అట్ల పెనం లాంటిదే కదండీ బాషా గారూ,” అంది రామలక్ష్మి. “పెనానికి కళాయి వేస్తారా ఎవరైనా? నూనె రాసి కాల్చండి. నల్లబడేదాకా కాల్చండి.”

“నల్లబడేదాకానా?”

“నిగనిగలాడాలండి.”

సగానికి కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి ఆయన చేతికిచ్చింది. వేడెక్కిన ఊచల మీద దాంతో రుద్దడం, పొగ తగ్గేదాకా కాల్చడం, మళ్ళీ రుద్దడం. ఒకటి రెండుసార్లయ్యాక ఊచలు మసి రంగుకు తిరిగాయి. అంతే, బాషా గారి చెయ్యి తనంతట తనే ఇటుక పొడి అందుకుని తోమడం మొదలుపెట్టింది.

“అయ్యయ్యో, మళ్ళీ తోమేస్తున్నారండీ!” అని అరిచింది రామలక్ష్మి.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. కాసేపయ్యాక మళ్ళీ అదే పని. ఆవిడ మళ్ళీ అరిచింది. చివరికి ఇటుక పొడి తీసుకుపోయి వంటింట్లో దాచేసింది. నల్లగా ఉన్నదాన్ని చూస్తే ఆ చెయ్యి ఊరుకోదు. అది దాని తప్పు కాదు.

ఆ రోజూ, రాత్రికి ఊళ్ళో మసీదులో పడుకుని వచ్చి మర్నాడూ కాల్చారు. రెండో సాయంత్రానికి చట్రాలు నల్లగా నిగనిగలాడాయి. రామలక్ష్మి బొగ్గులు వేసి ముక్కలు పెట్టింది. ఒక్కటీ అంటుకోలేదు. పాండురంగారావు గారు వచ్చి తిన్నారు. నోట్లో ఏమీ తగల్లేదని నిర్ధారించుకోవడానికి ఇంకొకటి తిన్నారు.

ఇక కడగడం ఉండదని, వేడిగా ఉండగానే గీకి, నూనె గుడ్డతో తుడిచి కప్పేయడమేనని ఏసుకుమార్‌కి గట్టిగా చెప్పింది రామలక్ష్మి. అతను తలూపాడు. ఆ తలూపడాన్ని పాండురంగారావు గారు నమ్మలేదు.

“ఇతని చేతికిస్తే మళ్ళీ మోటారు పెడతాడు,” అన్నారు. “ఈ చుట్టుపక్కల ఆసాములందరి దగ్గరా ఇలాంటివి తుప్పు పడుతున్నాయి బాషా గారూ. నెలకోసారి వచ్చి అన్నిటినీ మీరే చూసుకోకూడదూ?”

“ఇంట్లో అడిగి చెప్తానండి,” అన్నారు బాషా గారు. పొద్దు గుంకింది. వెంట తెచ్చుకున్న ఖర్జూరం నోట్లో వేసుకుని, ఆ ఇంటి మంచినీళ్ళు అప్పుడు తాగారు.

ఇంట్లో జరిగింది బద్రున్నీసా గారు మా అమ్మకు చెప్పారు. భర్త చేతులు మోచేతుల దాకా నల్లగా ఉండటం చూసి ఆవిడ హడలిపోయారట. కాలాయా అని అడిగారట.

“కాల్లేదు. పనే అది. నా చేత్తో నేనే నల్లగా చేసొచ్చాను,” అన్నారాయన. “ఇక కళాయి పని లేదు బద్రూ. అయిపోయింది.”

ఆ మాట ఆయన నోట వినాలని ఆవిడ ఎన్నాళ్ళుగానో ఎదురుచూశారు. విన్నాక మాత్రం ఏడుపొచ్చిందట. కళ్ళు తుడుచుకుని, పండగ వెళ్ళాక తమ్ముడి కొట్టుకు వెళ్తారా అని అడిగారు. ఆయన కైకలూరు సంగతి చెప్పారు.

“ఆ మసి పనికి బస్సులెక్కి తిరుగుతారా ఈ వయసులో? ఇక్కడ నీడుంది, ఫ్యానుంది, కుర్చీ వేస్తానంటున్నాడు. ఫారూఖ్ మీకేం తక్కువ చేశాడండీ?”

“ఏమీ తక్కువ చెయ్యలేదు. అన్నీ ఉన్నాయి ఆ కొట్లో,” అన్నారు బాషా గారు. “నిప్పే లేదు.”

బద్రున్నీసా గారు లేచి తమ్ముడికి ఫోన్ చేసి, ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పారు.