నీళ్ళు అడగని మొక్క

ముప్పై మూడేళ్ళు ఆయన తిప్పితేనే ఆ పేటకి నీళ్ళు. తెల్లవారి ఐదున్నరకల్లా గోతిలోకి వంగి వాల్వు తిప్పడం, కుళాయిల దగ్గర బిందెలతో కుమ్ములాడుకునేవాళ్ళని "లైన్లో రండమ్మా, నీళ్ళేం పారిపోవు!" అని గదమాయించడం. అలా, అమ్మానాన్నలు పెట్టిన పేరు పోయి, నీళ్ళాయన అన్న పేరే మిగిలింది. అలాంటి మనిషి రిటైరై ఇంట్లో కూర్చుంటే చెయ్యి ఊరుకుంటుందా? కనపడినదానికల్లా నీళ్ళు పోశాడు. గుమ్మం కడిగాడు, పక్కింటివాళ్ళ స్కూటర్ కడిగాడు. ఆరిన బట్టల్ని కూడా ఓసారి తడిపాడని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

మేడ మీద ఆవిడ పెట్టిన గుమ్మడి పాదు బాగానే పూస్తోంది కానీ, పిందెలు నిలవకుండా రాలిపోతున్నాయి. "తేనెటీగలు రాకపోతే కాయలెలా నిలుస్తాయి వదినా?" అంటూ ఆడపడుచు రాళ్ళగుట్ట మీద ఏరిన గింజలు గుప్పెడు ఇచ్చింది. ఊదారంగు పూల అడవి మొక్క. ఎండకి పైన మాడిపోయినా అడుగున వేరు బతికే ఉంటుంది, ఏటేటా మళ్ళీ చిగురిస్తుంది. ఒక్కటే షరతు, మొలిచి నిలదొక్కుకున్నాక నీళ్ళు పొయ్యకూడదు.

ఎవరింట్లో చెప్పిందండీ ఈ మాట! "పాపం, నోరులేనిది" అనుకుంటూ ఆయన పొద్దున ఓ చెంబు, సాయంత్రం ఓ చెంబు గుట్టుగా పోశాడు. పదిహేను రోజుల్లో మొక్కలన్నీ మొదలు కుళ్ళి కూలబడ్డాయి. "దాహంతో పోయాయే!" అని కళ్ళు కూడా తుడుచుకున్నాడు మహానుభావుడు.

కుళ్ళిన మొదళ్ళు చూడగానే ఆవిడకి సంగతి తెలిసిపోయింది. మిగిలిన గింజల్ని సగానికి కోసిన డ్రమ్ములో, గులకరాళ్ళ మట్టిలో చల్లి, నీళ్ళ ట్యాంకు వెనక దాచేసింది. మెట్ల పక్క కుండీలో మాత్రం రోడ్డు మీద పెరికిన గడ్డిమొక్క ఒకటి నాటింది.

"ఇదిగో, మళ్ళీ వేశాను. చుక్క నీళ్ళు పోశారంటే ఊరుకోను. ట్యాంకు వెనక్కి వెళ్ళకండి, కందిరీగలు పట్టు పెట్టాయి."

"ఒట్టు, ముట్టుకోను" అన్నాడాయన. ఒకప్పుడు వాల్వు గోతిలో కందిరీగ కుట్టి ముక్కు వంకాయంత వాచిన మనిషి, ఆ వైపు తొంగిచూస్తాడా?

గడ్డిమొక్క ఆయన చాటుగా పోసిన చెంబు నీళ్ళు తాగి ఏపుగా పెరిగింది. మరుసటి ఏడు ట్యాంకు వెనక ఊదా పూలు విరగబూశాయి, తేనెటీగలు దిగాయి, గుమ్మడి కాసింది. ఇంక నీళ్ళాయనకి కాళ్ళు నేల మీద ఆనలేదు. "అంతా నా చెంబు చలవే!" అని టీకొట్లో ఒకటే కోతలు.

"మరి మీ మొక్క పువ్వు ఏ రంగండీ?" అన్నాడు టైలరు.

పువ్వా! దాని మాటే మరిచాడు. తన కుండీలో ఒక్కటీ పూయలేదే, మరి ఈగలు దేనికొస్తున్నట్టు? హడావుడిగా ఇంటికొచ్చి, మేడెక్కి, గుమ్మడి మీద వాలిన ఒక తేనెటీగని కనిపెట్టుకుని కూర్చున్నాడు. అది లేచి ట్యాంకు వెనక్కి పోయింది. తలకి తువ్వాలు చుట్టుకుని, ప్రాణాలకి తెగించి తనూ దూరాడు. కందిరీగ లేదు, దాని తాత లేడు. డ్రమ్ము నిండా పూలే. మట్టి చూస్తే ఎండి పెళుసెక్కి ఉంది.

ఆవిడ బట్టలు ఆరెయ్యడానికి వచ్చేసరికి ఆయన చెంబు బోర్లించి పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏడాది పాటు నాచేత గడ్డికి నీళ్ళు పోయించావు కదే!"

"ముట్టుకోనని ఒట్టేశారుగా? మరెలా పోశారో!"

ఆయన నవ్వలేదు. "అంటే ఇంక నా నీళ్ళు ఎవరికీ అక్కర్లేదన్నమాట."

ఆవిడ మనసు చివుక్కుమంది. బకెట్టు దించి, కిందకెళ్ళి ఓ మట్టి మూకుడు తెచ్చి, దాన్నిండా గులకరాళ్ళు పరిచింది.

"పువ్వుకి అక్కర్లేదు. వచ్చే ఈగలకి దాహం వెయ్యదా? రాళ్ళు మునగకూడదు, మునిగితే అవి పడి చస్తాయి. అరచెంబు, అంతే. రోజూ ఒకే వేళకి."

"ఐదున్నరకి" అన్నాడాయన, ఆవిడ మాట పూర్తికాకుండానే.

నాలుగో రోజు పొద్దెక్కి ఆవిడ లేచేసరికి పక్కన మనిషి లేడు. మేడ మీంచి గదమాయింపు వినపడుతోంది.

"ఏయ్, తోసుకోకండి! లైన్లో రండమ్మా, నీళ్ళేం పారిపోవు!"