“ఏదున్నా మా మరిదినే అడుగుండ్రి” అన్నందుకు

మధ్యాహ్నం బొగ్గు ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు అయింది. సజ్జ మీది గిన్నెలు గలగలమని ఊరుకున్నాయి. అప్పుడే ముందు వాటాలో కిరాయికి ఉండే ఆమె నా గదిలోకి వచ్చింది. వెంట మేస్త్రీ ఉన్నాడు, చేతిలో టేపు. నేను మంచం మీద కూర్చుని ఉండగానే ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కొలిచారు. మంచం అడ్డం వస్తోందని మేస్త్రీ నా కాళ్ల దిక్కు చూశాడు.

“ఏంది పిల్లా, ఏం కొలుస్తున్నరు?”

“ఏం లేదొదినె. ఈ గోడ తీస్తే హాలు పెద్దగయితదా అని.”

“నా గోడ నువ్వెందుకు తీస్తవ్?”

ఆమె మేస్త్రీని బయటికి పొమ్మని సైగ చేసింది. తర్వాత మెల్లగా అడిగింది. “మీ మరిది చెప్పలేదా? ఇల్లు మేము తీసుకుంటున్నం గదా. బయానా పైసలు గూడ ముందుగాల ఇచ్చినం.”

ఆమె పోయాక చాలాసేపు ఆ గోడనే చూస్తూ కూర్చున్నాను.

నాకు సంతకం పెట్టడం వస్తుంది కానీ చదవడం రాదు. అందుకే ఇదంతా నోటితో చెప్పి రాయిస్తున్నాను. నాకు పిల్లలు లేరు. నా భర్త బొగ్గు బాయిలో పనిచేసి, జబ్బుచేసి పోయాడు. ఆయన పోయాక కంపెనీ క్వార్టరు ఖాళీ చేశాను. గోదావరిఖనిలో ఆయన నా పేరు మీద కొన్న జాగాలో రేకుల ఇల్లు ఉంది. ముందు వాటా కిరాయికి ఇచ్చి వెనక గదిలో నేను ఉంటున్నాను. ఆ గది పోతే నాకు ఇంకో చోటు లేదు.

మరి మరిదికి నా ఇంటి మీద పెత్తనం ఎట్లా వచ్చిందంటే, నేనే ఇచ్చాను. నా భర్త పెద్దకర్మ, పెద్దదినం నాడు టెంటు కింద అందరూ ఉన్నారు. కులపోళ్లు, బాయి దోస్తులు, వాడకట్టు వాళ్లు. భర్త పోయిన ఆడది కొన్నాళ్లు బయట తిరగకూడదని మా దగ్గర పట్టింపు. ఇంటి సంగతి ఇక ఎవరితో మాట్లాడాలని పెద్దమనుషులు అడిగారు. నేను దర్వాజ దగ్గర నిలబడి అందరికీ వినపడేటట్టు చెప్పాను. “ఇల్లు మా మరిది చూసుకుంటడు. ఏదున్నా ఆయన్నే అడుగుండ్రి.”

మరిది మీద లేనిపోనిది చెప్పను. మొదట్లో బాగానే చూసుకున్నాడు. కాసిపేట నుంచి ఆదివారం ఆదివారం బండి మీద వచ్చేవాడు. ఈ కిరాయిదారును తెచ్చింది ఆయనే. నల్లా చెడిపోతే బాగుచేయించాడు, కిరాయి తెచ్చి నా చేతికి ఇచ్చాడు. నేను ఒక్కనాడు కూడా ఎందుకు, ఏమిటి అని అడగలేదు.

ఆ సాయంత్రం ఫోను చేస్తే ఎత్తలేదు. మళ్లీ మళ్లీ చేశాక ఎత్తాడు.

“మంచి బేరం వదినె. ఒక్కదానివి, గంత ఇల్లేం జేస్కుంటవ్? కాసిపేటకొచ్చి మాతోని ఉండు.”

“నన్నడిగినవా?”

“నన్నే అడుగుమన్నవ్ గదా అందరిని.”

“బయానా ఏమైంది?”

“ట్రాక్టరుకు కట్టిన. యాడికి పోతయి పైసలు, మన ఇంట్లనే ఉన్నయ్.”

మన ఇల్లు అంటే ఎవరి ఇల్లో నాకు అర్థమైంది. ఇక నా ఇంటి సంగతిలో నువ్వు వేలు పెట్టొద్దని చెప్పి ఫోను పెట్టేశాను. అంతటితో ఆయన పెత్తనం పోయిందనుకున్నాను.

తెల్లారి కోర్టు దగ్గర ఒక వకీలు దగ్గరికి పోయాను. ఆయన అంతా విని అన్నాడు. “చట్టం లెక్కల నీ మరిది నీ ఏజెంటు అమ్మా.”

మాకు ఏజెంటు అంటే బాయిలో మేనేజరు మీద ఉండే పెద్ద దొర. ఆయన జీపు ఎదురొస్తే నా భర్త సైకిలు దిగి పక్కకు నిలబడేవాడు. నాకు తెలియకుండా మరిదికి ఏదో పెద్ద నౌకరీ వచ్చిందనీ, ఆ బలంతోనే నా ఇల్లు అమ్ముతున్నాడనీ అనుకున్నాను.

“వాడు బదిలీ వర్కరు సార్, ఇంకా పర్మినెంటు గూడ కాలే. ఏజెంటు ఎట్లయితడు? ఎవరు చేసిన్రు?”

“నువ్వే చేసినవ్.”

ఆయన నవ్వలేదు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “మీ బాయి ఏజెంటు గూడ గంతేనమ్మా. బాయి ఓనరు రోజూ వచ్చి నిలబడడు. ఏజెంటు చెప్తే ఓనరు చెప్పినట్టే. ఈడ ఓనరువు నువ్వు. నీ మరిది ఒప్పుకుంటే నువ్వు ఒప్పుకున్నట్టేనని కొనేటోడు అంటడు.”

“నేను నిన్ననే వద్దన్న సార్.”

“ఎవరికి చెప్పినవ్? మరిదికి. పెత్తనం ఇచ్చింది నలుగురి ముంగట, తీసేసింది ఫోన్ల. ఆ నలుగురికి ఎట్ల తెలుస్తది?”

“అయితే ఇల్లు పోయినట్టేనా?”

“రెండు సంగతులు తేలాలె. నువ్వు ఆయనకు ఒప్పజెప్పిన పనేంది? కిరాయికిచ్చుడు వేరు, అమ్ముడు వేరు. రెండోది, కొనేటోడు నీకు ఇష్టమేనని నమ్మి ఇచ్చిండా, నీకు తెల్వదని ఎరికుండి ఇచ్చిండా?” కోర్టుకు పోతే ఏళ్లు పడుతుందనీ, ముందు నా మాట విన్నవాళ్లను కూర్చోబెట్టమనీ చెప్పాడు.

తిరిగి వస్తూ ఇంటికి పోలేదు. పట్టింపు ఎట్లాగూ దాటాను కదా అని కిరాణం దుకాణానికి, రేషన్ దుకాణానికి, పెద్దమనుషుల ఇళ్లకు పోయాను. మా మరిదికి ఇక నా ఇంటితో సంబంధం లేదని గడప గడపకూ చెప్పాను. కొందరు నా మొఖం చూడకుండా తలుపు చాటు నుంచే విన్నారు. కిరాయిదారుకు కూడా చెప్పాను. “ఇప్పుడు చెప్తే ఏం లాభం అక్కా, ఇచ్చేటిది ఇచ్చినం” అన్నాడు.

ఆదివారం కూర్చుందామని పెద్దమనుషులు అన్నారు, అప్పటిదాకా ఎదురుచూడాలి. మా ఇద్దరి వాటాలకూ వాకిట్లో ఒకటే నల్లా. కిరాయిదారు భార్యా నేనూ పక్కపక్కన బిందెలు పెట్టుకుని మాట్లాడకుండా నిలబడేవాళ్లం. నీళ్లు పట్టుకుని పోతూ ఆమె రోజూ నా గది గోడ దిక్కు ఒకసారి చూసేది. నన్ను బయట ఉంచి తాళం వేస్తారేమోనని గది విడిచి ఎటూ పోలేదు.

ఆదివారం పొద్దున బాయిలో పనివాళ్ల మీద సర్దారుగా చేసి రిటైరైన పెద్దమనిషి వరండాలో కూర్చున్నాం. అందరూ ఆయనను సర్దార్ కాక అంటారు. మరిది ఒక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. కిరాయిదారు నైటు షిఫ్టు దిగి అటే వచ్చాడు, కళ్ల అంచులకు ఇంకా బొగ్గు ఉంది. అతని భార్య గుమ్మం దగ్గర కూర్చుంది.

“ఇల్లు చూసుకుంటడని చెప్పింది, మేమందరం విన్నం” అంది మా వాడకట్టు అవ్వ.

“చూసుకునుడంటే అమ్ముకునుడా?” అన్నాడు సర్దార్ కాక.

కిరాయిదారు లేచాడు. “గా మాటొక్కటే అన్లే కాక. ఏదున్నా ఆయన్నే అడుగుండ్రి అన్నది. ఏదున్నా అంటే ఏంది? అన్నీ వచ్చినయ్ గదా. అడుగుమన్నది, అడిగినం. ఊర్ల భూమి అమ్మి ఇచ్చిన. మాదేం తప్పు?”

అవ్వ తల ఊపింది. ఇంకో ఇద్దరు ఊపారు. మరిది స్తంభం వదిలి సరిగా నిలబడ్డాడు. ఆ మాట నాదే, కాదనలేను. ఇల్లు పోతోందని అప్పుడు నిజంగా అనిపించింది. సర్దార్ కాక నా దిక్కు తిరిగాడు. “నువ్వేమన్న చెప్తవా బిడ్డా?”

చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అడగడానికి మాత్రం ఒకటుంది.

“తమ్మీ, నీ భార్య రోజూ నా పక్కనే నీళ్లు పడుతది. నువ్వు బయానా ఇచ్చిన తెల్లారి గూడ పట్టింది. నా మొగుడు కట్టిన ఇల్లు కొంటున్నమని నాతోని ఒక్క మాట ఎందుకు అన్లే?”

అతను భార్య దిక్కు చూశాడు. నేను గుమ్మం దిక్కు తిరిగాను. “కడుపుల కత్తి పెట్టుకుని నవ్వుకుంట నీళ్లు పట్టినవా పిల్లా?”

ఆమెకు ఆ మాట తగిలింది. “నన్నంటవేందొదినె. నేను చెప్త అనే అన్న. చెప్పొద్దన్నరు.”

“నువ్వూకో” అన్నాడు భర్త.

“నేనెందుకు ఊకోవాలె, దొంగను జేస్తుంటే? మీ మరిదే అన్నడు, రిజిస్ట్రేషన్ దాకా వదినెకు తెల్వద్దు, తెలిస్తే అడ్డం పడుతదని. మా ఆయన సరే అన్నడు.”

మరిది మళ్లీ స్తంభానికి ఆనుకున్నాడు.

సర్దార్ కాక కిరాయిదారును దగ్గరికి పిలిచాడు. “తెలిస్తే అడ్డం పడుతదని నీకు ఎరికనే. గంత ఎరికైనంక, ఆమె మాట నమ్మి కొన్న అని ఎట్లంటవ్? ఈయన సొంతానికి అమ్ముతుండని తెలిసే ఇచ్చినవ్. ఎవనికిచ్చినవో వాణ్ణి అడుగు. ఇల్లు ఆమెదే.”

“ట్రాక్టరు అమ్ముకోవాల్నా నేను?” అన్నాడు మరిది.

“అమ్ముకో. ట్రాక్టరు నీదే గదా.”

ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మరిది నా దిక్కు చూడకుండా మెట్లు దిగి బండి తీశాడు. మా ఇంటి దిక్కు మళ్లీ రాలేదు. కిరాయిదారుకు ట్రాక్టరు అమ్మి కడుతున్నాడని విన్నాను, ఎంతవరకు కట్టాడో నాకు తెలియదు.

అందరూ లేస్తుంటే కిరాయిదారు ఆగాడు. “వానల కంటె ముందు రేకులు మార్పిస్త అన్నడు మీ మరిది. అదీ ఉత్త ముచ్చటేనా?”

పోయి ఆయన్నే అడుక్కో అనేయవచ్చు. నాలుక చివరి దాకా వచ్చింది కూడా. లేచినవాళ్లు లేచిన దగ్గరే నిలబడి నన్ను చూస్తున్నారు.

“అది ఉత్తది గాదు తమ్మీ” అన్నాను. “ఇల్లు చూసుకొమ్మని నేనే పెట్టిన. రేకులు మార్చుడు చూసుకునుడే. ఆయన ఒప్పుకుంటే నేను ఒప్పుకున్నట్టే. నేను మార్పిస్త.”

వానలు మొదలయ్యే మృగశిర కార్తె రాకముందే పని పెట్టించాను. కూలీలు పాత రేకులు ఒక్కొక్కటిగా కిందికి జారవిడుస్తుంటే, ఒక అంచు నేను పట్టాను, రెండో అంచు కిరాయిదారు భార్య పట్టింది. మేమిద్దరం అప్పటికింకా మాట్లాడుకోవడం లేదు.